600 ఎం.ఎం. జూమ్ కొనాలి: నికాన్‌దే తీసుకోవాలా, సిగ్మా–టామ్రాన్ చాలా? వైజాగ్‌లో వాడినవాళ్లు చెప్పండి

లకుముకి
నా కెమెరా నికాన్ డి7500. మూడేళ్లుగా 70-300 లెన్స్‌తోనే పిట్టల ఫోటోలు తీస్తున్నాను. కొండకర్ల ఆవలో తాటి దోనె ఎక్కి లోపలికి వెళ్లినా పక్షి ఫ్రేములో గోరంతే కనిపిస్తోంది. క్రాప్ చేస్తే ఈకలన్నీ ముద్దయిపోతున్నాయి.

నేను దాచుకున్న డబ్బుకి మూడు అందుతున్నాయి. నికాన్ 200-500 ఎఫ్5.6 సెకండ్ హ్యాండ్, లేదా టామ్రాన్ 150-600 జీ2, లేదా సిగ్మా 150-600 కాంటెంపరరీ. నాన్నగారు "కెమెరా ఏ కంపెనీదో లెన్సూ ఆ కంపెనీదే కొను" అంటున్నారు. ఇంత డబ్బు ఒకేసారి పెట్టడం నాకిదే మొదలు, టెన్షన్‌గా ఉంది. మన ఊరి గాలిలో వాడినవాళ్ల మాట కావాలి.

హార్బర్ ఉదయం
ఆరేళ్లుగా సిగ్మా కాంటెంపరరీ వాడుతున్నాను. నెలకి మూడు నాలుగు సార్లు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాను. బోట్లు వచ్చే వేళకి గరుడ గద్దలు చేపల కోసం దిగుతాయి. అవి నీళ్ల మీదకి వాలేది రెండు క్షణాలే. ఆ రెండు క్షణాలకి ముందు గంటసేపు లెన్స్ చేతిలో పట్టుకుని నిలబడాలి. అందుకని నేను మొదట చూసింది బరువు. నాది 1,930 గ్రాములు, నికాన్ 200-500 సుమారు 2,300. కాగితం మీద ఈ తేడా ఏమీ అనిపించదు కానీ గంట తర్వాత మణికట్టుకి తెలుస్తుంది.

వెలుతురు సంగతి కూడా చెప్తాను. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. నికాన్ చివరిదాకా ఎఫ్5.6, మిగతా రెండూ 600 దగ్గర ఎఫ్6.3. అంటే మూడో వంతు స్టాప్ తేడా (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం). దానికి ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని పట్టే చురుకు, 1600 ఉన్నచోట 2000 పెడితే సరిపోతుంది. ఫోకస్ మాత్రం మసక వెలుతురులో ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. ఫోకస్ ఎంత దూరం మధ్య వెతకాలో కట్టడి చేసే లిమిటర్ స్విచ్ లెన్స్ మీద ఉంటుంది, దాన్ని దూరం వైపు పెట్టేశాక నాకు ఆ బాధ చాలావరకు తగ్గింది.

సీతమ్మధార 77
లకుముకి గారూ, మీ నాన్నగారి మాటని తీసిపారేయకండి. నేను ఒక థర్డ్ పార్టీ జూమ్, అంటే కెమెరా కంపెనీది కాని బయటి కంపెనీది, కొన్నాను, కంపెనీ పేరు చెప్పను. పాత కెమెరా బాడీ మీద నాలుగేళ్లు బంగారంలా పనిచేసింది. బాడీ మార్చగానే ఫోకస్ పట్టడం మానేసింది. ఫర్మ్‌వేర్ (లెన్స్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కోసం ఆ లెన్స్‌ని కొరియర్‌లో పంపి, తిరిగొచ్చేసరికి 40 రోజులు పట్టింది. ఆ మధ్యలో తేలినీలాపురంలో వలస పక్షుల సీజన్ సగం అయిపోయింది. ఏడాదంతా ఎదురుచూసిన గూడబాతుల్ని ఫోన్‌తో తీసుకుని వచ్చాను.

అసలు కారణం ఏమిటంటే, మీ డి7500 లాంటి పాత తరహా ఎస్ఎల్ఆర్ కెమెరాల మౌంట్లలో (లెన్స్ బిగించే చోట) కెమెరా, లెన్స్ మాట్లాడుకునే భాషని కెమెరా కంపెనీ బయటవాళ్లకి చెప్పదు. వాళ్లు విప్పి, పరీక్షించి, ఊహించి చేసుకుంటారు. బాడీలో ఆ భాష కొంచెం మారినా లెన్స్ తడబడుతుంది. సొంత కంపెనీ లెన్స్‌లో ఈ భయం తక్కువ. మీరు బాడీ మార్చే ఆలోచనలో ఉంటే ఇది ముందే లెక్క వేసుకోండి.

హార్బర్ ఉదయం
నిజమే. అందుకే లెన్స్‌ని కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ డాక్ కూడా కొనుక్కోమంటాను. సిగ్మాకి అది, టామ్రాన్ జీ2కి ట్యాప్-ఇన్ కన్సోల్. ఫర్మ్‌వేర్ ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు, ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంటే దూరాన్ని బట్టి సరిచేసుకోవచ్చు. నాకు ఆ సవరణకి ఒక ఆదివారం పట్టింది.

లకుముకి
ఇంకో సందేహం. నిన్న షాపు వాళ్లు టామ్రాన్ ఇస్తే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి లంగరు వేసిన ఓడల్ని తీశాను. మధ్యాహ్నం రెండు గంటలు. 600 దగ్గర అన్నీ మసకే. లెన్స్ అంతేనా?

భీమిలి రోడ్డు
ఆ ఫోటోలు చూసి లెన్స్‌ని తిట్టకండి దయచేసి! రెండు గంటల ఎండలో, కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓడని తీస్తే ఏ కంపెనీ లెన్స్ అయినా అలాగే ఇస్తుంది. మధ్యలో ఉన్న వేడి గాలి అలలాడుతూ ఉంటుంది, అది కాంతిని అటూ ఇటూ వంచుతుంది. జూమ్ ఎంత పెద్దదైతే ఆ అలలు అంత పెద్దగా కనిపిస్తాయి. నేను నికాన్ 200-500తో టెన్నేటి పార్కు నుంచి మధ్యాహ్నం తీసిన ఫోటోలు కూడా నీళ్లలో ముంచి తీసినట్టే ఉన్నాయి. అదే లెన్స్, అదే చోటు, పొద్దున్న ఆరున్నరకి తీస్తే ఓడ మీద రాసిన అక్షరాలు చదవగలిగాను. థర్డ్ పార్టీ లెన్స్ మసక అని పేరు రావడానికి సగం కారణం ఈ గాలేనని నా నమ్మకం.

పరీక్ష ఇలా చేయండి. పొద్దున్నే, నీడలో ఉన్న గోడకి తెలుగు దినపత్రిక క్లాసిఫైడ్స్ పేజీ నాలుగు మూలలా అంటించండి. పదిహేను అడుగుల దూరంలో ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, వైబ్రేషన్ తగ్గించే స్విచ్ ఆపేసి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. 400, 500, 600 దగ్గర విడివిడిగా తీయాలి. మన ఒత్తులు, వట్రసుడులు చాలా సన్నగా ఉంటాయి, అంతకన్నా మంచి టెస్ట్ చార్ట్ నాకు దొరకలేదు. నాలుగు మూలల్లో మూడు స్పష్టంగా ఉండి ఒకటి కరిగిపోతే ఆ ముక్క (మీ చేతికొచ్చిన ఆ ఒక్క లెన్స్) లోపల అద్దం కొంచెం ఒరిగిందని అర్థం. అప్పుడు వేరే ముక్క అడగండి. ఈ తేడా ఏ కంపెనీ లెన్సులోనైనా ముక్క ముక్కకీ ఉంటుంది. అందుకే నేను కంపెనీ పేరుకన్నా చేతికొచ్చిన ముక్కనే నమ్ముతాను.

పాత డార్క్‌రూమ్
నాకు 61 ఏళ్లు, ఫిల్మ్ రోజుల నుంచి ఈ ఊళ్లోనే తీస్తున్నాను. ఎఫ్5.6, ఎఫ్6.3 గురించి ఇంత మాట్లాడుకున్నారు, ఫంగస్ మాట ఒక్కరూ ఎత్తలేదు. మన దగ్గర లెన్సుల్ని చంపేది అదే. దానికి నికాన్, సిగ్మా తేడా తెలియదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. లెన్సుల్ని తేమ లేకుండా ఉంచే నా డ్రై క్యాబినెట్ ఉత్త ఇనప డబ్బా అయిపోయింది. గాలినిండా తేమ, కిటికీ అద్దాలు పగిలి ఇల్లంతా నీళ్లు. రెండు నెలల తర్వాత లెన్సుల్ని టార్చి వెలుగులో చూస్తే మూడింటిలో సాలెగూడు లాంటి దారాలు పాకి ఉన్నాయి. రెండు సొంత కంపెనీవి, ఒకటి థర్డ్ పార్టీది. ఒక్కదాన్నే బాగు చేయించగలిగాను.

మీరు చెప్పిన మూడూ జూమ్ చేస్తే గొట్టం ముందుకి సాగేవే. సాగిన ప్రతిసారీ బయటి గాలి లోపలికి పోతుంది, బీచ్‌లో అయితే ఉప్పుతో సహా. ఇంటికి రాగానే మెత్తటి గుడ్డతో గొట్టం తుడవండి. 40 నుంచి 50 శాతం తేమలో ఉంచండి. క్యాబినెట్ కొనలేకపోతే మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. జెల్ రంగు మారితే పెనం మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. తోలు సంచిలో మాత్రం పెట్టకండి బాబూ. ఆ సెకండ్ హ్యాండ్ 200-500 కొనేముందు వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి.

మేఘాద్రి
నాది సోనీ, కాబట్టి క్లుప్తంగా. టామ్రాన్ 150-500 వాడాను, ఇప్పుడు సోనీ 200-600. ఇది లోపలే జూమ్ అవుతుంది, గొట్టం సాగదు, పాత డార్క్‌రూమ్ గారు చెప్పిన గాలి గొడవ తక్కువ. సోనీ ఇ మౌంట్ వివరాలు బయటి కంపెనీలకి ఇస్తుంది కాబట్టి ఫోకస్ ఇబ్బంది రాలేదు. కానీ థర్డ్ పార్టీ లెన్స్ పెడితే వేగమైన బాడీల్లో సెకనుకి 15 ఫ్రేములు దాటనివ్వదు, దూరాన్ని ఇంకా దగ్గర చేసే టెలికన్వర్టర్ కూడా పట్టదు. నేవీ విన్యాసాల్లో జెట్లు తీసేవాళ్లకి ఇది అడ్డే. కూర్చున్న కొంగలకి 15 ఎక్కువే.

సీతమ్మధార 77
క్యానన్ వాళ్లు చదువుతుంటే ఒక మాట. కొత్త కెమెరాల ఆర్ఎఫ్ మౌంట్‌లో 2024లో సిగ్మా, టామ్రాన్‌లకి క్యానన్ దారి తెరిచింది చిన్న సెన్సర్ లెన్సులకే. తక్కువలో కావాలంటే క్యానన్ సొంత ఆర్ఎఫ్ 100-400 ఉంది, 635 గ్రాములే. వెలుతురు మాత్రం చివర్లో ఎఫ్8.

లకుముకి
అందరికీ దండాలు. నిన్న పొద్దున్న ముందు ఆ సెకండ్ హ్యాండ్ 200-500 చూడటానికి వెళ్లాను. పైకి కొత్తదానిలా మెరుస్తోంది. టార్చి వేస్తే వెనక అద్దం అంచున సన్నటి దారాలు. అమ్మే ఆయనకి చూపించాను, పాపం ఆయనకే తెలియదు. బీరువాలో సంచితో సహా పెట్టారట.

అక్కడి నుంచి షాపుకి వెళ్లి, సిగ్మావి రెండు ముక్కలు అడిగి, పక్క గోడకి పేపర్ అంటించి తీశాను. రెండూ నాలుగు మూలలా ఒకేలా వచ్చాయి. ఎఫ్8 దగ్గర ఒత్తులు సూదితో గీసినట్టున్నాయి. డాక్‌తో కలిపి ఒకటి తీసుకున్నాను. నాన్నగారికి పేపర్ ఫోటో జూమ్ చేసి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఒక ప్రకటన మొత్తం చదివి "సరే" అన్నారు. ప్లాస్టిక్ డబ్బా, జెల్, మీటరు కూడా వచ్చేశాయి, ఇప్పుడు 46 చూపిస్తోంది.

ఆదివారం ఆరింటికి మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ దగ్గర ఉంటాను. ఎవరైనా 200-500 తెస్తే అదే కొంగని రెండింటితో తీసి ఇక్కడ పెడదాం.

భీమిలి రోడ్డు
నేను తెస్తాను. ఆరింటికి కాదు, ఐదున్నరకి రండి. ఏడు దాటితే గాలి అలలు మొదలవుతాయి.