ఊరి జనాభా, ఆదాయం, కులాల లెక్కలు ఏడ దొరుకుతయి?

నర్సంపేట పోరడు:
అందరికి నమస్తే. మాది నర్సంపేట పక్కన చిన్న ఊరు, ఊరికి రెండు తండాలు. బడిల పిల్లలు తగ్గుతున్నరు, మూసేస్తరేమోనని భయమైతుంది, అందుకే యూత్ వాళ్లం కలిసి ఊరి మీద ఒక రిపోర్టు రాద్దామనుకుంటున్నం, జనం ఎంత పెరిగిన్రు, ఎవలు దేని మీద బతుకుతున్నరు, ఏ కులపోళ్లు ఎంతమంది అని. కని 2011 సెన్సస్‌ల ఉన్న జనానికి ఇప్పుడు పంచాయితీల చెప్పే జనానికి పొంతన లేదు, దగ్గరదగ్గర సగం తక్కువ. ఆదాయం లెక్కయితే ఏడ దొరుకుతలేదు. తెలిసినోళ్లు జర చెప్పున్రి.

హన్మకొండ పంతులు:
తమ్మీ, జనం ఏడికి పోలే. సెన్సస్ వాళ్లు రెవెన్యూ గ్రామం లెక్కన రాస్తరు, తండాలు అండ్లనే కలిసి ఉంటయి. 2018ల కొత్త పంచాయితీరాజ్ చట్టం వచ్చినంక 500 జనం దాటిన తండాలు విడిగ పంచాయితీలయినయి, మీయి గూడ అట్లనే అయి ఉంటయి. పాత లెక్కతోని పోల్చాల్నంటే వాళ్లను మళ్ల కలుపుకోవాలె, లేకపోతే ఊర్లె లంబాడోళ్లు ఉన్నపళంగ మాయమైనట్టు కనవడ్తది.

2011ది జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌ల చూడు, ఉమ్మడి వరంగల్ పేరు మీదనే వెతుకు, జిల్లా ముక్కలైంది 2016ల గదా. అండ్ల ఊరువారిగ ఇండ్లు, జనం, ఎస్సీ, ఎస్టీ, చదువుకున్నోళ్లు, రైతులు, కైకిలోళ్లు ఉంటరు. బడి కోసమంటున్నవు కాబట్టి ఆరేండ్ల వరకు పిల్లల కాలమ్ 2001ది, 2011ది పక్కపక్కన పెట్టు, అదొక్కటే మస్తు చెప్తది. బీసీ కులాలు మాత్రం అండ్ల ఉండయి. 2024 నవంబర్ల మొదలైన రాష్ట్ర కులాల సర్వేల ముస్లింలు కాకుండ బీసీలు 46.25 శాతం, ఎస్సీలు 17.43, ఎస్టీలు 10.45 అని వచ్చింది, కని అది రాష్ట్రం మొత్తానికి, దాన్ని మీ ఊరికి అంటగట్టొద్దు.

జగిత్యాల అక్క:
ఆదాయం సంగతి నేను చెప్త. సెన్సస్‌ల అది అడగనే అడగరు. 2011ల సామాజిక ఆర్థిక కుల గణన అని వేరేగ అయింది, అండ్ల సుత ఇంట్ల అందరికన్న ఎక్కువ సంపాదించే మనిషికి నెలకు 5 వేల లోపా, 10 వేల లోపా, ఇంకా పైనా, అంతే. మా దిక్కు మొగోడు దుబాయ్‌లనో మస్కట్‌లనో ఉంటడు, ఇంట్ల ఆడామె బీడీలు చేస్తది. మా పక్కింటి వదిన వంటయినంక చాట ఒళ్లె పెట్టుకుంటే మాపటిదాక లేవది, కార్ఖానకు పోయి అప్పజెప్తే బాగలేవని పక్కకు తీసిన బీడీలకు పైసలు రావు. ఆమె సంపాదన ఏ కాగితం మీద రాసిన్రు? మీరు ఇంటింటికి పోయినప్పుడు ఎంత సంపాదిస్తరని అడగకున్రి, రేషన్ కార్డు పోతదని ఎవలు నిజం చెప్పరు. పంటనా, కైకిలా, పాలా, పింఛనా, బయటికెళ్లి పంపుతున్నరా, గిట్ల అడిగితే మంచిగ చెప్తరు.

పరకాల రైతు:
ఇంకోటి యాదికి పెట్టుకో తమ్మీ. 2014 ఆగస్టు 19 నాటి సమగ్ర కుటుంబ సర్వేకు బొంబాయి, సూరత్, భీవండి పోయినోళ్లంత బస్సులు రైళ్లు పట్టుకొని ఊర్లకొచ్చి పేరు రాయించుకున్నరు. సెన్సస్‌ల అట్ల కాదు, లెక్కవెట్టే రోజులల్ల ఊర్లె లేనోన్ని ఊర్లె రాయరు. ఈ రెండు పక్కపక్కన పెట్టి పెరిగింది తగ్గింది అంటే తప్పయితది. ఇగ నాట్లప్పుడు చూడున్రి, ఊర్లె పోరగాండ్లు హైదరాబాద్‌ల, పొలంల బీహారోళ్లు. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకొని పదిమంది దిగుతరు, తాడు పట్టుకొని సాలు పోకుండ వేస్తరు, అయిపోంగనె ఇంకో ఊరికి. నెలల తరబడి వాళ్లు మా మధ్యనే ఉంటరు గాని ఏ రిజిస్టర్‌ల ఉండరు. రిపోర్టుల వాళ్లకు గూడ ఒక పేజీ పెట్టున్రి.

నర్సంపేట పోరడు:
సారూ, అక్కా, అన్నా, శనార్థి. తండాలు రెండు విడిపోయినయే, గది నాకు తట్టలే. మా బడికి తండా పిల్లలే ఎక్కువ వస్తరు, కాబట్టి మూడు పంచాయితీలు కలిపే రాస్తం, తాళమేసిన ఇండ్లు విడిగ రాస్తం. 2027 జనగణనల అన్ని కులాలు అడుగుతరట గదా, మేం రాసే ఫారంల గూడ అట్లనే కులం కాలమ్ పెడితే ఊర్లె ఎవలన్న గొడవ చేస్తరా?

హన్మకొండ పంతులు:
పెట్టు, కని మీ అంతట మీరు కులం రాయకున్రి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోన్రి. చెప్పనన్నోళ్లది ఖాళీగ వదిలెయ్యున్రి. తండాకు పోయినప్పుడు తండా పిల్లనే ఒకర్ని వెంట తీసుకపోన్రి.