బడి సంచిలో వేప్ దొరికితే టీసీ ఇవ్వడం న్యాయమేనా?

పెన్నా_ఒడ్డు: ప్రొద్దుటూరులో పదో తరగతి పిల్లవాడి సంచిలో వేప్ (నికోటిన్ ఆవిరి పీల్చే ఈ-సిగరెట్) దొరికిందని ఒక ప్రైవేటు పాఠశాల వాడికి టీసీ ఇచ్చి పంపించిందని విన్నాను. ఇది సరైన చర్యేనా?

కడప_అయ్యవారు: సరైనదే. 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నేరాలే. మొదటిసారి అమ్మి పట్టుబడినా ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అటువంటి వస్తువును తరగతి గదిలోకి తెచ్చినవాడిని పాఠశాల ఎందుకు భరించాలి?

మైదుకూరు_రైతు: అయ్యవారూ, ఆ చట్టం అమ్మేవారి మీదే గాని పీల్చేవారి మీద కాదు.

కడప_అయ్యవారు: నిల్వకు ఆరు నెలల వరకు శిక్ష ఉందన్న సంగతి మీరు చదవలేదు.

మైదుకూరు_రైతు: సంచిలో ఒక్కటి ఉంటే అది నిల్వ అవుతుందా? గోదాము అనుకున్నారా?

ప్రొద్దుటూరు_తండ్రి: మీరు మాట్లాడుకుంటున్నది మా అబ్బాయి గురించే. అది చూడటానికి హైలైటర్ పెన్నులా ఉంది. మామిడిపండు వాసన వస్తుంటే చూయింగ్ గమ్ అనుకున్నాము. అమ్మినది సెల్‌ఫోన్ కవర్లు అమ్మే దుకాణం. ఆ దుకాణం ఈరోజూ తెరిచే ఉంది, మా వాడికి మాత్రం పరీక్షల ముందు బడి లేకుండా పోయింది.

మందుల_షాపు_కడప: నిల్వ సంగతి కాసేపు పక్కన పెట్టండి. వీటిలో నికోటిన్‌ను లవణ రూపంలో కలుపుతారు కాబట్టి గొంతు మండదు, దగ్గు రాదు, అందువల్ల పిల్లలు ఎంత లోపలికి పోతున్నదో తెలియకుండానే పీలుస్తారు. మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల దాకా సాగుతుంది గనుక ఈ వయసులో వ్యసనం త్వరగా పట్టుకుంటుంది. ఒక్కసారిగా మానిపిస్తే చిరాకు, నిద్రలేమి, చదువు మీద నిలవని మనసు తప్పవు. టీసీతో ఇవేవీ తగ్గవు. పొగాకు మాన్పించే జాతీయ ఉచిత సలహా నంబరు 1800-112-356 ఉంది. ముందు అక్కడ మాట్లాడించండి.

కడప_అయ్యవారు: ఫోన్లు తరువాత. ఇంట్లో వాసన వస్తుంటే తండ్రి ఏం చేస్తున్నట్టు? మిగిలిన నలభై మంది పిల్లల తల్లిదండ్రులకు పాఠశాల ఏమని జవాబు చెప్పాలి?

ప్రొద్దుటూరు_తండ్రి: దసరా సెలవులకు ముందే మరుగుదొడ్డి దగ్గర వాడిని పట్టుకున్నారట. ఆ సంగతి మాకు చెప్పలేదు. ఫీజు కట్టించుకున్నంత కాలం ఊరుకొని, పదో తరగతి ఫలితాలకు మచ్చ వస్తుందనిపించగానే గెంటేశారు. మీరేమో అమ్మేవాడిని వదిలి నన్ను నిలదీస్తున్నారు!

మైదుకూరు_రైతు: ఇది అన్యాయం. ముందే చెప్పి ఉండవలసింది.

కడప_అయ్యవారు: చెప్పడం అంత తేలికనుకుంటున్నారా? నేను పనిచేసిన బడిలో సిగరెట్టు తాగిన ఒక పిల్లవాడి తండ్రిని పిలిపించి చెబితే, ఆయన స్టాఫ్ రూము ముందే బెల్టు తీసి వాడిని కొట్టాడు. మరునాటి నుండి ఆ పిల్లవాడు బడికి రాలేదు. ఆ తరువాత ఏ ఇంటికీ నేను కబురు పంపలేదు. టీసీ ఇస్తే కనీసం నా కళ్ల ముందు దెబ్బలు పడవు.

మందుల_షాపు_కడప: అంటే ఇన్ని పోస్టుల తరువాత అసలు తగవు తేలింది. చట్టం గురించి కాదు, తల్లిదండ్రులను నమ్మాలా వద్దా అన్నదే.

ప్రొద్దుటూరు_తండ్రి: ఒక్కరు బెల్టు తీస్తే అందరమూ అంతేనా? దసరాకు ముందే చెప్పి ఉంటే నేనూ ఒక దెబ్బ వేసేవాడినేమో. అయినా ఆస్పత్రికి తీసుకుపోయేవాడిని, వాడు ఇంకా ఆ బడిలోనే ఉండేవాడు.

కడప_అయ్యవారు: ఆ ఒక్క దెబ్బకు భయపడే నేను కబురు మానుకున్నది.