తెలుగు పేర్లను పోల్చే చిన్న కమాండ్: ఇలాగే ఉంచాలా, పెంచాలా?

కావలి (ప్రశ్న అడిగినవారు)
రొయ్యల మేత దుకాణాలకు, బియ్యం మిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే మనందరికీ ఈ చిక్కు తెలిసిందే. రెండు జాబితాల్లో ఒకే ఊరి పేరు ఉంటుంది. కంటికి తేడా కనిపించదు, కంప్యూటర్ మాత్రం రెండూ వేరంటుంది. అలాంటి పేర్లను వెతికి చూపించే కమాండ్ ఒకటి రాశాను. అది చేసే పని అదొక్కటే. వాడుతున్నవారు ఇప్పుడు ఎక్సెల్ ఫైళ్లు చదవాలని, తప్పులను అదే దిద్దాలని, బటన్లు నొక్కే తెర కావాలని అడుగుతున్నారు. ఇవన్నీ కలపమంటారా?

ఒంగోలు
తప్పకుండా కలపండి. చీమకుర్తి గ్రానైట్ యార్డులో లెక్కలు రాసే గుమాస్తా నల్లటి తెర తెరిచి కమాండ్ కొట్టడు. తప్పు ఎక్కడుందో తెలిసిన ప్రోగ్రాము దాన్ని దిద్దకుండా ఎందుకు వదిలేయాలి?

నెల్లూరు
తెర సంగతి తర్వాత. దిద్దడం మాత్రం వద్దు. కారణం మన లిపిలోనే ఉంది.

మైపాడు తీసుకోండి. అక్షరాలకు కంప్యూటర్లు వాడే సంకేతాల పట్టిక యూనికోడ్‌లో ఐత్వానికి 0C48 అనే ఒకే సంకేతం ఉంది. దాన్నే 0C46, 0C56 అని రెండు ముక్కలుగా రాసినా తెర మీద కనిపించేది మైపాడే. పాత మ్యాక్ కంప్యూటర్లు ఫైళ్ల పేర్లను ఇలా విడదీసే దాచుకునేవి. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. ఇలాంటి ముక్కలను ఒకే సంకేతంగా కలిపే ఎన్‌ఎఫ్‌సి అనే సాధారణీకరణతో ఈ తేడా పోతుంది. ఇక్కడ దిద్దినా ప్రమాదం లేదు.

కంటికి కనిపించని 200C అనే సంకేతం అలా కాదు. పొల్లు తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపేది అదే. ‘మార్కెట్’ చివర అది ఉన్నా లేకున్నా చూపుకు ఒకటే, తీసేయవచ్చు. ‘రాజ్‌కుమార్’ మధ్యలోంచి తీసేస్తే మాత్రం ‘రాజ్కుమార్’ అవుతుంది, జకారం కింద కవత్తు వచ్చి కూర్చుంటుంది. ఎన్‌ఎఫ్‌సి దీన్ని ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. పాసుపుస్తకంలో ఒక పేరు, మనం దిద్దిన జాబితాలో మరో పేరు ఉంటే బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడి సమాధానం చెప్పుకోవలసింది రైతు. పోల్చేటప్పుడు 200Cని లెక్కలోకి తీసుకోకండి, అసలు ఫైలు జోలికి మాత్రం వెళ్లకండి.

ఎక్సెల్ చదవడం కూడా మీ కమాండ్ పని కాదు. 1973లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబడితే కెన్ థాంప్సన్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పైపులు పెట్టాడు, అంటే ఒక కమాండ్ ఫలితాన్ని మరో కమాండ్‌కు అందించే దారి. వరుసలను క్రమంలో పెట్టే సార్ట్ లోపల ఏం జరుగుతుందో, పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి వరుసలను ఒకటిగా చేసే యూనిక్‌కు తెలియదు, అయినా దాని ఫలితాన్ని అందుకుని తన పని తాను చేస్తుంది. ఎక్సెల్‌ను సీఎస్‌వీ అనే సాదా అక్షరాల ఫైలుగా మార్చుకుని మీ కమాండ్‌కు అందిస్తే చాలు.

ఒంగోలు
200C విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. సీఎస్‌వీ విషయంలో ఒప్పుకోలేను. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా దాస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని వెతికి ఎంచుకోవాలి. ఆ సంగతి గుమాస్తాకు ఎవరు చెప్పాలి? పేరు చెడిపోకూడదనే కదా మీ బాధ? మీరు చెప్పిన దారిలో జాబితా మొత్తం చెడిపోతుంది. ముక్కలు ముక్కలుగా ఉండటమే క్షేమమనీ అనుకోకండి. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల జావాస్క్రిప్ట్ ముక్కను దాని రచయిత ఎన్‌పీఎం అనే ఉమ్మడి కోడ్ నిల్వ నుంచి తీసేస్తే దాని మీద ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి.

నెల్లూరు
ప్రశ్నార్థకాల మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే కలిపిన ప్రతి సౌకర్యాన్నీ రేపు ఎవరు చూసుకోవాలో కూడా ఆలోచించండి. ఫైళ్లను కుదించడానికి లోకమంతా వాడే ఎక్స్‌జెడ్ ప్రోగ్రామును చాలాకాలం ఒక్క మనిషే చూసుకున్నాడు. మార్పులు త్వరగా రావడం లేదని ఒత్తిడి పెరిగింది, సాయానికని వచ్చిన వ్యక్తి చేతికి అధికారం వెళ్లింది, చివరికి అందులో దొంగదారి చేరింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి తవ్వితే అది బయటపడింది. కావలి మిత్రులు కూడా ఒక్కరే.

కావలి
ఇద్దరికీ ధన్యవాదాలు. దిద్దే సౌకర్యం పెట్టను. పేరు ఎక్కడ, ఏ సంకేతంతో తేడా పడిందో వరుస సంఖ్యతో చూపిస్తాను, మార్చాలా వద్దా అన్నది జాబితా సొంతదారు చూసుకుంటారు. ఎక్సెల్‌ను నేరుగా చదివే పని మాత్రం వేరే కమాండ్‌గా రాస్తాను, ప్రశ్నార్థకాల బెడద వినియోగదారుడి దాకా పోనివ్వకూడదు. తెర రాయడం నాకు చేతకాదు.

ఒంగోలు
తెర నేను రాస్తాను. లోపల మీ కమాండ్‌నే నడుపుతాను. ‘దిద్దు’ అనే బటన్ కావాలని మాత్రం ఇంకా అంటాను, కనీసం మైపాడు లాంటి ఐత్వాల వరకు. అక్కడ ప్రమాదం లేదని నెల్లూరు మిత్రులే రాశారు.

నెల్లూరు
ఐత్వాల వరకు సరే. పాత ఫైలును ఉన్నదున్నట్టు ఉంచి, కొత్త ఫైలు రాయండి.