క్లబ్ డీజే కావాలంటే ముందు దేనిమీద పని చేయాలి?

కొత్తచెవి: చిన్న డీజే కంట్రోలర్ (పాటలు కలిపే పరికరం) కొని రోజూ సాధన చేస్తున్నాను. సింక్ నొక్కితే రెండు పాటల వేగం కలిసిపోతోంది, అయినా ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లేటప్పుడు అంతా గోలగోలగా వినిపిస్తోంది. క్లబ్‌లో ప్లే చేసే స్థాయికి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

నాలుగో_బీట్: ఆ గోల చాలావరకు బేస్ వల్లే అండి. రెండు కిక్‌లు (బరువైన డ్రమ్ దెబ్బలు), రెండు బేస్‌లైన్లు ఒకేసారి మోగితే ఏదీ స్పష్టంగా వినపడదు. కొత్త పాటను లో ఈక్యూ (బేస్‌ను తగ్గించే, పెంచే నాబ్) పూర్తిగా తగ్గించి లోపలికి తీసుకురండి, పాట మలుపు తిరిగే చోట పాతదాని బేస్ తీసేసి కొత్తదానిది పెంచండి. మలుపు ఎక్కడొస్తుందో తెలియాలంటే లెక్కపెట్టడమే మార్గం. హౌస్, టెక్నో లాంటి డాన్స్ సంగీతంలో మార్పులు ఎక్కువగా 8 బార్లకోసారి (ఒక్కో బార్‌కు 4 బీట్లు), అంటే 32 బీట్లకోసారి వస్తాయి, 124 బీపీఎం (నిమిషానికి 124 బీట్లు) దగ్గర అది సుమారు 15.5 సెకన్లు. సింక్ బీట్లను కలుపుతుంది కానీ ఈ 8 బార్ల భాగాలను, అంటే ఫ్రేజులను, మీరే కలపాలి, లేకపోతే ఒక పాటలో గాయని పల్లవి అందుకునే సమయానికి రెండోదాంట్లో కూడా ఇంకెవరో పాడుతుంటారు.

రికార్డుల_పెట్టె: పైన చెప్పింది వంద శాతం నిజం. దానితోపాటు చెవితో బీట్ కలపడం కూడా నేర్చుకోండి, నేను దీన్ని గట్టిగా నమ్ముతాను. 120 బీపీఎం పాటను 123కి తేవాలంటే పిచ్ (పాట వేగం మార్చే స్లైడర్) 2.5 శాతం పెంచాలి, కానీ ఆ అంకె చూడకుండా, హెడ్‌ఫోన్స్ ఒక చెవికి పెట్టుకుని, కొత్త కిక్ ముందుకు పోతోందా వెనకబడుతోందా అని వినండి. డ్రమ్మర్ చేత్తో వాయించిన పాత డిస్కో, ఫంక్ పాటల్లో వేగం కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది, బీట్‌గ్రిడ్ (పాటలో బీట్లు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ పెట్టే గుర్తులు) సరిచేసుకోకపోతే సింక్ అక్కడ చేతులెత్తేస్తుంది.

కొత్తచెవి: క్లబ్‌లో అంత శబ్దం మధ్య ఆ తేడా వినపడుతుందా?

రికార్డుల_పెట్టె: బూత్ మానిటర్ (డీజే దగ్గరే ఉండే స్పీకర్) ఉంటే వినపడుతుంది. పెద్ద స్పీకర్లు 10 మీటర్ల దూరంలో ఉంటే వాటి శబ్దం మీ దగ్గరకు దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, దాన్ని బట్టి కలిపితే బీట్ తప్పుతుంది. అందుకే ప్లే చేసే ముందు మానిటర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

తొలిగంట: టెక్నిక్ గురించి అందరూ చెప్తారు, నేను గది గురించి చెప్తాను. కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేది వార్మప్ సెట్, అంటే రాత్రి మొదట్లో ప్లే చేసే అవకాశం. ఫ్లోర్ ఖాళీగా ఉంటుంది, ఆ టెన్షన్‌లో పెద్ద హిట్లన్నీ వరసగా పెట్టేయాలనిపిస్తుంది. దయచేసి పెట్టకండి. జనం ఇంకా మాట్లాడుకుంటున్నారు, పాదం కదిలితే చాలు, తల ఊగితే చాలు, ఆ వేడిని నెమ్మదిగా పెంచి తర్వాతి డీజేకి అప్పగించడం గొప్ప పని, నా దృష్టిలో ఫ్లోర్ నిండి ఉండే పీక్ టైమ్ కంటే కష్టమైంది కూడా. అందుకే పాటలు చాలా వినండి, ప్రతి పాట రాత్రిలో ఏ సమయానికి పనికొస్తుందో ప్లేలిస్టులుగా విడదీసుకోండి.

నాలుగో_బీట్: ఇంకొక్కటి, చెవులు. అమెరికాలో పనిచేసేవాళ్ల ఆరోగ్య భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ నియోష్ పరిమితి ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు, 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. మొదటి సెట్‌కు ముందే మ్యుజీషియన్ల ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి, బూత్ మానిటర్ వాల్యూమ్ మిక్స్ చేసేటప్పుడు మాత్రమే పెంచి, అయిపోగానే తగ్గించండి.