భూస్థిరమా, భూ అనువర్తితమా?

ఇస్రో ప్రయోగాల వార్తల్లో ‘భూస్థిర కక్ష్య’, ‘భూ అనువర్తిత కక్ష్య’, ‘భూసమకాలిక కక్ష్య’ అని మూడు రకాలుగా రాస్తున్నారు, మూడూ ఒకటేనా అని అడిగారు. ఒకటేనని చాలామంది జవాబిచ్చారు. నేను ఒప్పుకోలేను. అక్కడున్నవి రెండు వేర్వేరు సంగతులు. 1963, 1964లలో ఎగిరిన రెండు ఉపగ్రహాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

అమెరికా వాళ్ళ సిన్‌కామ్ అనే సమాచార ఉపగ్రహాల వరుసలో మొదటిది కక్ష్యకు చేరబోతూ మూగబోయింది. రెండోది 1963 జులై 26న కేప్ కెనావరల్ నుంచి డెల్టా రాకెట్ మీద వెళ్ళింది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాలు. 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహానికీ ఒక చుట్టుకు అంతే పడుతుంది. సిన్‌కామ్ 2కు ఆ లెక్క కుదిరింది. అయితే దాని కక్ష్య భూమధ్యరేఖకు 33 డిగ్రీలు వాలి ఉంది. అందుకే అది రోజూ 33 డిగ్రీలు ఉత్తరానికి ఎక్కి, మళ్ళీ అంతే దక్షిణానికి దిగి, ఆకాశంలో ఎనిమిది అంకె చుట్టేది (మన ౮ కాదు, ఇంగ్లీషు 8). నేల మీద యాంటెన్నా దాని వెంట తిరగాల్సిందే. ఆ ఆగస్టు 23న అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ వాషింగ్టన్ నుంచి నైజీరియా ప్రధాని అబూబకర్ తఫావా బలేవాతో ఫోన్లో మాట్లాడింది దీని ద్వారానే. లాగోస్ రేవులో ఆగి ఉన్న కింగ్స్‌పోర్ట్ అనే ఓడ మీద పెద్ద యాంటెన్నా పెట్టి ఆ మాటలు అందుకున్నారు.

ఆ వాలు ఎందుకు వచ్చిందంటే, కేప్ కెనావరల్ భూమధ్యరేఖకు 28 డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉంది. అక్కడ బయలుదేరి వాలు సరిచేసుకోవాలంటే చాలా శక్తి కావాలి, అప్పటి డెల్టాకు అంత లేదు. 1964 ఆగస్టు 19న డెల్టా పక్కన ఘన ఇంధన బూస్టర్లు తగిలించి సిన్‌కామ్ 3ని పంపారు. వాలు దాదాపు సున్నాకు వచ్చింది. అది పసిఫిక్ మీద ఒకేచోట నిలబడింది. అక్టోబరులో టోక్యో ఒలింపిక్స్ దృశ్యాలు దాని మీదుగానే అమెరికా చేరాయి. మొట్టమొదటి భూస్థిర ఉపగ్రహం అదే.

ఇక మాటల దగ్గరికి వద్దాం. సెకనుకు 3 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోయేదాన్ని ‘స్థిరం’ అనడమేంటని ఒకరు అభ్యంతరం చెప్పారు. తిరుమల కొండను స్థిరం అంటాం కదా, అదీ భూమితోపాటు తిరుగుతూనే ఉంది. మన ఇంటి మీద డిష్‌ను ఒకసారి బిగిస్తే మళ్ళీ తిప్పే పనిలేదంటే అవతలిది మన లెక్కకు స్థిరమే. ‘భూస్థిర’ చక్కని మాట, దాన్ని కదపొద్దు.

ఇబ్బంది సిన్‌కామ్ 2 లాంటి వాటి కక్ష్యకు పెట్టే పేరుతోనే. ‘భూసమకాలిక’, ‘భూ అనువర్తిత’ అనేవి దానికి పెట్టిన పేర్లే. ‘సమకాలిక’ అనగానే తెలుగువాడికి ఒకే కాలంలో బతికిన కవులు గుర్తొస్తారు. ‘భూసమకాలిక’ అంటే భూమి పుట్టినప్పుడే పుట్టిందేమో అనిపిస్తుంది. ‘అనువర్తించు’ అంటే అనుసరించి నడుచుకోవడం, భావం సరిగ్గా సరిపోయింది. కాకపోతే ‘అనువర్తిత’ అంటే అనుసరించబడినది. అనుసరించేది ‘అనువర్తి’. అందుకని ‘భూమ్యనువర్తి కక్ష్య’ అంటే వ్యాకరణానికీ, విషయానికీ పొసుగుతుందని నా అభిప్రాయం. నోటికి కాస్త బరువనిపిస్తే ‘భూ అనువర్తి’ అని విడదీసి రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇదంతా పాతకాలపు ముచ్చట కాదు. శ్రీహరికోట నుంచి పంపిన, దారి, స్థానం చూపే మన నావిక్ ఉపగ్రహాలనే తీసుకోండి. మొదట అనుకున్న ఏడింటి అమరికలో మూడింటికి భూస్థిర కక్ష్యలు, నాలుగింటికి 29 డిగ్రీలు వాలిన కక్ష్యలు. ఆ నాలుగూ ఎనిమిది చుట్టేవే. అన్నింటినీ భూస్థిరం అని రాసేస్తే చదివే పిల్లలకు ఆ అమరికే అర్థం కాదు. భూస్థిరమైన ప్రతిదీ భూమ్యనువర్తే, తిరగేస్తే మాత్రం చెల్లదు. ‘అనువర్తి’కి పాత కావ్యాల్లో ప్రయోగాలు ఎవరికైనా ఎదురైతే పద్యంతో సహా ఇక్కడ పెట్టండి.