ఓమ్ని వెనక డ్రమ్ము పట్టేసింది, ఎవరైనా ఇంట్లోనే ఊడదీశారా?

గోపాల్‌పూర్ గాలి (గంజాం జిల్లా)
మా ఇల్లు సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. 2009 నాటి ఓమ్ని వ్యాను. వెనక కుడివైపు బ్రేకు డ్రమ్ము హబ్బుకు (చక్రం బిగించే మధ్య భాగానికి) తుప్పుతో పట్టేసింది. హ్యాండ్ బ్రేకు వదిలి, చక్రం విప్పి, సుత్తితో ఎంత కొట్టినా కదలడం లేదు. అదిగాక బ్లీడింగు నిపుల్ (బ్రేకు నూనెలోని గాలిని వదిలే చిన్న మర) తల మూలలు అరిగిపోయి పానా జారుతోంది. గ్యాసు మంట లేకుండా ఈ రెండూ తీసే మార్గం తెలిసినవారు చెప్పగలరు.

పర్లాకిమిడి పాతబండి
ముందు ఆ సుత్తిని పక్కన పెట్టండి. డ్రమ్ము ముఖం మీద స్టడ్ల (చక్రం నట్లు ఎక్కించే బోల్టుల) మధ్య మరలు కోసిన చిన్న రంధ్రాలు రెండు ఉంటాయి. మట్టీ తుప్పూ నిండి ఉండటంతో అవి కనబడవు. మేకుతో గోకి శుభ్రం చేసి, 8 మి.మీ. బోల్టులు రెండు పెట్టి, దీన్ని అర చుట్టు, దాన్ని అర చుట్టు మార్చి మార్చి బిగిస్తూ పోతే, వాటి కొనలు హబ్బును నెట్టి డ్రమ్మును బయటకు లేపుతాయి. ఒకదాన్నే బిగిస్తే డ్రమ్ము వాలుగా ఇరుక్కుంటుంది. డ్రమ్ము పోత ఇనుము, దెబ్బకు వంగదు, పగులుతుంది. ఒక గ్యారేజీలో మా బావగారి బండి డ్రమ్ము అంచు పగలగొట్టి, "పాతదండీ" అంటూ కొత్తదానికి బిల్లు ఆయన చేతిలోనే పెట్టారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

జయపురం వర్క్‌షాపు
పైవారి సలహా ఓమ్నికి సరే, కానీ చదివినవాళ్లు మారుతి 800కు కూడా అదే చేయబోతారు. ఓమ్నిని వెనక చక్రాలు నడిపిస్తాయి, డ్రమ్ము విడిగా వస్తుంది. 800లో వెనక బేరింగులు డ్రమ్ములోనే ఉంటాయి కాబట్టి మధ్య మూత తీసి, నట్టు విప్పితే గాని డ్రమ్ము రాదు. నేను జీవితమంతా యంత్రాల మధ్య గడిపి రిటైరైనవాడిని, ఇలాంటివి నాకు కంఠస్థం. ఊడిన తరువాత స్టడ్లకు శుభ్రంగా గ్రీజు రాయండి, మళ్లీ పట్టేయదు.

సిరోంచ చౌరస్తా (గడ్చిరోలి జిల్లా)
పెద్దవారు, కాదనడానికి మనసొప్పడం లేదు గాని, స్టడ్లకు గ్రీజు రాయమనడం ప్రమాదకరమైన సలహా. చక్రం నట్టుకు కంపెనీ చెప్పే టార్క్ (బిగించే తిప్పుడు బలం) పొడి మరలను ఉద్దేశించినది. గ్రీజు రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే టార్కుకు స్టడ్డు మీద లాగుడు బాగా పెరుగుతుంది. స్టడ్డు సాగిపోతుంది, ఒక్కోసారి తెగుతుంది. గ్రీజు కావాల్సింది డ్రమ్ము కూర్చునే హబ్బు ముఖానికీ, మధ్య అంచుకీ, అదీ పలుచటి పొరగా. డ్రమ్ముకు లోపల రాసుకుని బండిని ఆపే బ్రేకు షూలకు తగిలితే ఇక బ్రేకు గురించి మర్చిపోవచ్చు.

జయపురం వర్క్‌షాపు
మేము లారీలకే రాశాం, ఒక్క స్టడ్డూ తెగలేదు. పుస్తకం చదివి పానా పట్టేవాళ్లతో వాదించలేను.

సిరోంచ చౌరస్తా
లారీ సంగతి లారీది. ఓమ్ని సన్నటి స్టడ్డుకు దాన్ని కొలమానం చేయకండి. ప్రాణహిత పొంగినప్పుడు బురదలో తిరిగిన బండ్లకు మేము కూడా పానా పడుతూనే ఉన్నాం.

రాయగడ రింగు పానా
మీ ఇద్దరి తగువు మధ్య నూనె సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి అయిదు నిమిషాల్లో పానా వేస్తారు. 1953లో దాన్ని చేసింది ప్రధానంగా నీటిని తరిమి తుప్పు పట్టకుండా కాపాడటానికి, పట్టిన తుప్పులోకి చొరబడటానికి కాదు. తుప్పు వదిలించే నూనెలు వేరుగా దొరుకుతాయి. సాయంత్రం వేసి, రాత్రంతా వదిలి, ఉదయం మళ్లీ వేసి, మొదట కొంచెం బిగించి, తరువాత విప్పాలి. వేడి చేయాలనుకుంటే బోల్టును కాదు, నట్టును చేయండి. నట్టు వ్యాకోచించి బోల్టును వదులుతుంది. కానీ బ్రేకు పైపుల దగ్గర, షాక్ అబ్జార్బర్ల దగ్గర మంట తేవద్దు.

గోపాల్‌పూర్ గాలి
పర్లాకిమిడివారికి కృతజ్ఞతలు. రంధ్రాలు దొరికాయి, డ్రమ్ము ఊడింది. నిపుల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ధర్మాబాద్ డీజిల్ (నాందేడ్ జిల్లా)
నాకు ఇంకో ఇబ్బంది ఉంది. అల్యూమినియం హెడ్డులో (ఇంజిన్ పైభాగంలో) స్పార్కు ప్లగ్గు కదలడం లేదు. ఇంజిన్ వేడిమీద విప్పవచ్చునా?

జయపురం వర్క్‌షాపు
ఎంతమాత్రం కూడదు. వేడి హెడ్డు మరలు మెత్తగా ఉండి ప్లగ్గుతో పాటే వచ్చేస్తాయి. పూర్తిగా చల్లారనిచ్చి, నూనె వేసి, పావు చుట్టు విప్పి, అంతకన్నా తక్కువ మళ్లీ బిగిస్తూ, కొంచెం కొంచెంగా తీయండి. ఈ విషయంలోనైనా సిరోంచవారు నాతో ఏకీభవిస్తారనుకుంటాను.

సిరోంచ చౌరస్తా
ఇందులో ఏకీభవిస్తాను. గ్రీజులో కాదు.

రాయగడ రింగు పానా
నిపుల్‌కు పన్నెండు మూలల పానా వాడకండి, ఆరు మూలల సాకెట్టు వేయండి. పట్టు దొరక్కపోతే నిపుల్ బిగించి ఉండే వీల్ సిలిండరే మార్చేయండి. డ్రమ్ము ఎలాగూ తెరిచి ఉంది కదా.