‘చెడఁబాఱినదైన యవస్థ’: చెడిపోయిందా, చెడిపోతున్నదా?

పెన్నాతీరం (నెల్లూరు):
నిన్న మా అబ్బాయితో కలిసి బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ ధారావాహికలోని ‘హార్ట్ ఆఫ్ ఐస్’ చూశాను. 1992 నాటిది, మిస్టర్ ఫ్రీజ్ కథ. విక్టర్ ఫ్రైజ్ తన భార్య నోరాను జబ్బుకు మందు దొరికేదాకా గడ్డకట్టించి కాపాడుకుంటుంటాడు. డబ్బు దండగని గాత్‌కార్ప్ అధిపతి ఫెరిస్ బాయిల్ ఆ ప్రయోగాన్ని ఆపించి, అడ్డుపడ్డ విక్టర్‌ను రసాయనాల మీదికి తన్నేస్తాడు. బాయిల్ వెంట వచ్చిన కాపలావాళ్లు అక్కడే ఉంటారు. తర్వాత కథంతా బాయిల్ పాపం, ఫ్రీజ్ పగ, బ్యాట్‌మ్యాన్ న్యాయం, వీటి మధ్యే నడుస్తుంది. చూస్తూ నిలబడ్డవాళ్ల ఊసే రాదు. ఆ భాగంలో నాకు పెద్ద లోపంగా తోచింది అదే. అప్పటినుంచీ తిక్కన భారతంలోని ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి’ అన్న ముక్క మనసులో తిరుగుతోంది. దాని ముందు ‘చెడఁబాఱినదైన’ అని ఉందా, మా నాన్నగారు చదివినట్టు ‘చెడఁబాఱెడునట్టి’ అనా? గణాలకు రెండూ సరిపోతున్నాయి.

ఒంగోలు మాస్టారు:
‘బాఱినదైన’ అనే. ఉద్యోగపర్వం, కృష్ణరాయబారం:

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవ ముండెడున్

భూతకాలం స్పష్టంగా ఉంది. పాపంతో ధర్మం, బొంకుతో సత్యం చెడ్డాయి, ఆ తర్వాత వాటిని చక్కదిద్దగలిగినవాడు ఊరకుంటే వాడికి చేటు. కనుక ఇక్కడ దక్షుడు బ్యాట్‌మ్యాన్. అతను ఊరకున్నాడా? బాయిల్ చేసిన పని రికార్డయిన పాత టేపు వెతికి తీసి, విలేఖరి సమ్మర్ గ్లీసన్ చేతికిచ్చాడు. పద్యం ప్రకారం ఆ భాగానికి వంక లేదు.

కందుకూరు చదువరి:
మాస్టారూ, ‘ఇన’ కనబడగానే పని అయిపోయిందని తీర్పు చెప్పకండి. చెడన్ + పాఱు. పాఱడమంటే ప్రవహించడం, పరుగెత్తడం. ముందు ‘పారము’ ఉంది, అంటే అవతలి ఒడ్డు. చివర ‘నిస్తారకము’ ఉంది, అంటే దాటించేది. పద్యమంతా ఏటి వరదే! ధర్మం ఒడ్డు చేరలేక కొట్టుకుపోతోంది, ఈత వచ్చినవాళ్లు గట్టున నిలబడి చూస్తున్నారు. వాళ్లు దిగకపోయినా దాటించడానికి దైవం ఉంది, మునిగేది గట్టునున్నవాళ్లే. కొట్టుకుపోతున్న క్షణంలో గట్టున ఉన్నది కాపలావాళ్లు. బ్యాట్‌మ్యాన్ వచ్చేసరికి వరద తీసింది.

అద్దంకి పాఠకుడు:
పారములోది ర, పాఱులోది ఱ. వాటికి చుట్టరికం కలపడం తిక్కన ఒప్పుకోడు.

కందుకూరు చదువరి:
చుట్టరికం కలపలేదు, పక్కపక్కన నిలిపాడన్నాను. యతిస్థానం చూడండి: బారము, బాఱిన. పాదం మొదట ఒడ్డు, యతి దగ్గర ప్రవాహం. అది యాదృచ్ఛికమని నేను నమ్మను.

సింహపురి (నెల్లూరు):
కాలం సంగతి వ్యాసుడి సంస్కృత మూలం చెబుతుంది. ‘హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః’. హన్యతే, అంటే చంపబడుతున్నది, చూస్తుండగానే. నాకు అంతకన్నా ముఖ్యమైనది వేరే మార్పు. వ్యాసుడు ‘సభాసదః’ అని సభలో ఉన్న అందరినీ కలిపేశాడు. తిక్కన ‘దక్షులు’ అని ఏరాడు. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్నవాడికి సభలో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిది చెల్లదో తెలుసు. మనుమసిద్ధికి రాజ్యం పోయినప్పుడు ఓరుగల్లు వెళ్లి కాకతీయ రాజు గణపతిదేవుణ్ణి సాయం అడిగాడంటారు కదా, దక్షుణ్ణి వెతుక్కుంటూ పోవడమే అది. మరి జీతానికి నిలబడ్డ కాపలావాడు దక్షుడా? నాకు సందేహమే.

పెన్నాతీరం:
సింహపురి గారూ, భీష్ముడూ ద్రోణుడూ మాత్రం ఎవరి కూడు తిన్నారు? కృష్ణుడు ఆ మాట అన్నది వాళ్లు వింటుండగానే. జీతం సాకు అక్కడ చెల్లనప్పుడు బాయిల్ మనుషులకు ఎలా చెల్లుతుంది? విక్టర్‌కూ తలుపుకూ మధ్య నిలబడగలిగినవాడు, నోరాను గడ్డకట్టించి ఉంచిన పెట్టె మీట మీద చెయ్యి వెయ్యనని అనగలడు. ఒక్కడు అన్నా ఆ భాగం ఎంత ఎత్తుకు వెళ్లేదో!

ఒంగోలు మాస్టారు:
ఇరవై పైచిలుకు నిమిషాల కథలో పగ, శోకం, న్యాయం మూడూ ఇమడ్చడమే గొప్ప. దాని రచనకు ఎమ్మీ పురస్కారం ఊరికే రాలేదు. చివర అర్ఖమ్ పిచ్చాసుపత్రి గదిలో మంచు బొమ్మ ముందు కూర్చుని ఫ్రీజ్ క్షమాపణ వేడుకునే ఘట్టం తిక్కన చూసి ఉంటే మెచ్చుకునేవాడు. ఆయనా పాత్ర నోటితోనే కథ నడుపుతాడు.

అద్దంకి పాఠకుడు:
తిక్కన గొప్పతనం మా ఎఱ్ఱన చెప్పాక ఎవరూ చెప్పనక్కరలేదు. నృసింహపురాణంలో ‘తన కావించిన సృష్టి తక్కొరులచేతం గాదు నా’ అని కవిబ్రహ్మ బిరుదుకే భాష్యం రాశాడు. అద్దంకి రాజు ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉండి నెల్లూరి కవికి అంత మొక్కు మొక్కినవాడు మరొకడు లేడు.

సింహపురి:
మొక్కింది మీవాడు, మొక్కించుకున్నది మావాడు. ‘చేటగు’ దగ్గర మళ్లీ ఆగాను. చేటు అన్నది శిక్షా, లేక ఉపేక్షే వాళ్ల పతనమా?

కందుకూరు చదువరి:
అది తర్వాత. ముందు ‘చెడఁబాఱు’ తేలాలి. విరాటపర్వం నుంచి మొదలుపెట్టి తిక్కన ఆ మాట వాడిన చోట్లన్నీ తీసి ఇక్కడ పెడతాను. మాస్టారు భూతకాలం అంటే ఊరుకునేది లేదు.